సి ప్రోగ్రాంలో కంట్రోల్-సిని సరిగ్గా అందుకోవడం ఎలా?

సి నేర్చుకునేవారు పదే పదే అడిగే ప్రశ్న ఇది: “ప్రోగ్రాం నడుస్తుండగా కంట్రోల్-సి నొక్కితే ఉన్నచోటే ఆగిపోతోంది. తాత్కాలిక ఫైళ్లు అలాగే మిగిలిపోతున్నాయి, ఫలితాల ఫైలులో చివరి భాగం ఉండడం లేదు. ఆ నొక్కును పట్టుకుని, అన్నీ సర్దుకుని బయటకు రావడం ఎలా?” దీనికి చాలాచోట్ల దొరికే సమాధానం మూడు వరుసలు మించదు: సిగ్నల్ అనే ఫంక్షన్‌ను పిలవండి, హ్యాండ్లర్‌లో, అంటే సిగ్నల్ రాగానే నడిచే మీ ఫంక్షన్‌లో, ఒక ప్రింట్‌ఎఫ్, ఒక ఎగ్జిట్ పెట్టండి అంటారు. అలా రాసినది పదిసార్లు నడిపి చూస్తే పదిసార్లూ పనిచేస్తుంది; రోజంతా నడిచే ప్రోగ్రాంలో మాత్రం ఎప్పుడో ఒకసారి, మీరు ఎదురుగా లేని సమయంలో, బిగుసుకుపోతుంది. అందుకే ఇక్కడ కొంచెం పొడవైన దారినే చూపిస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఫంక్షన్ల పేర్లను, స్థిరాంకాల పేర్లను పలికే విధంగా తెలుగులో రాశాను. టైపు చేసేటప్పుడు వాటి మామూలు స్పెల్లింగునే వాడండి. అండర్‌స్కోర్ ఉన్నచోట దానిని అలాగే ఉంచాను. సిగ్‌ఇంట్, ఎస్‌ఏ_రీస్టార్ట్ వంటి స్థిరాంకాలన్నీ పెద్ద అక్షరాలలో ఉంటాయి.

తెలిసి ఉండవలసిన సిద్ధాంతం ఇంతే. కంట్రోల్-సి నొక్కినప్పుడు టెర్మినల్‌కు 3 అనే విలువ గల బైటు చేరుతుంది. టెర్మినల్ డ్రైవర్ దానిని మీ ప్రోగ్రాంకు అక్షరంగా అందించకుండా, ఆ టెర్మినల్‌లో ముందువరుసలో నడుస్తున్న ప్రాసెస్‌ల (నడుస్తున్న ప్రోగ్రాంల) గుంపు మొత్తానికి సిగ్‌ఇంట్ అనే సిగ్నల్‌ను, అంటే ఆగమనే కబురును, పంపుతుంది. దాని సంఖ్య 2. మీరు ఏ ఏర్పాటూ చేయకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నల్ ప్రాసెస్‌ను ముగిస్తుంది. ఆ ముగింపులో ఎట్‌ఎగ్జిట్‌తో నమోదు చేసిన ఫంక్షన్లు నడవవు, ప్రింట్‌ఎఫ్ బఫర్‌లో మిగిలినది ఫైలుకు చేరదు. ఫలితాల చివరి భాగం మాయమయ్యేది ఇందుకే.

కావలసినవి

లినక్స్ గానీ మ్యాక్ గానీ ఉన్న కంప్యూటర్, జీసీసీ లేదా క్లాంగ్ కంపైలర్, పక్కపక్కన తెరిచిన రెండు టెర్మినల్ విండోలు, ప్రయోగానికి ఒక చిన్న ప్రోగ్రాం. ఆ ప్రోగ్రాం ఒక తాత్కాలిక ఫైలును తెరిచి, లూప్‌లో దానికి వరుసలు రాస్తూ, పని పూర్తయ్యాక రీనేమ్ ఫంక్షన్‌తో అసలు పేరు పెట్టేదైతే బాగుంటుంది. హెడర్ ఫైళ్లలో మామూలువాటితో పాటు సిగ్నల్, ఎర్ర్‌నో, యూనిఎస్‌టీడీ ఉండాలి.

హెచ్చరిక: లినక్స్‌లో సి11 ప్రమాణాన్ని కఠినంగా పాటించమని కంపైలర్‌కు చెబితే సిగ్‌యాక్షన్ స్ట్రక్చర్ పరిమాణం తెలియదంటూ ఎర్రర్ వస్తుంది. తప్పు మీ కోడ్‌లో లేదు. కంపైల్ చేసేటప్పుడు గ్నూ11 ప్రమాణాన్ని ఎంచుకోండి, లేదా మొదటి హెడర్ కంటే పైన _పోజిక్స్_సి_సోర్స్ అనే మ్యాక్రోకు 200809ఎల్ విలువ ఇవ్వండి. హెడర్ల కింద రాస్తే ఫలితం ఉండదు.

1. జెండా వేరియబుల్‌ను ప్రకటించండి

సిగ్నల్ వచ్చిందని హ్యాండ్లర్ గుర్తుపెట్టడానికీ, ప్రధాన లూప్ దానిని చూసి ఆగడానికీ ఒక వేరియబుల్ కావాలి; దానినే జెండా అంటున్నాను. ఫంక్షన్లన్నిటికీ వెలుపల ఈ వరుస రాయండి:

వోలటైల్ సిగ్_అటామిక్_టి ఆపాలి = 0;

ఇందులో రెండు మాటలూ అవసరమే. సిగ్_అటామిక్_టి రకం వేరియబుల్‌కు విలువ రాస్తుండగా మధ్యలో సిగ్నల్ వచ్చినా సగం రాసిన విలువ కనిపించదు. వోలటైల్ లేకపోతే, లూప్ లోపల ఈ వేరియబుల్‌ను ఎవరూ మార్చడం లేదని కంపైలర్ తీర్మానించుకుని, దానిని ఒక్కసారే చదివి ఊరుకోవచ్చు. ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ చేసినప్పుడు చక్కగా ఆగిన ప్రోగ్రాం, ఓ2 స్థాయిలో కంపైల్ చేస్తే ఎన్నిసార్లు నొక్కినా ఆగకపోవడానికి కారణం సాధారణంగా ఈ ఒక్క మాట మరచిపోవడమే.

2. హ్యాండ్లర్‌లో జెండా ఎత్తడం తప్ప మరేమీ చేయకండి

ఇంట్ రకం పరామితి ఒకటి తీసుకుని, ఏమీ తిరిగి ఇవ్వని ఫంక్షన్ ఒకటి రాయండి. దాని శరీరంలో ఒక్క వరుసే ఉండాలి:

ఆపాలి = 1;

ఎందుకింత పొదుపు అంటే, హ్యాండ్లర్ మీ ప్రోగ్రాం ఏ వరుసలో ఉన్నా, ఆ వరుస సగంలో ఉండగా కూడా, దూరి నడుస్తుంది. ప్రధాన కోడ్ మాలాక్ లోపల లాక్ (ఒకేసారి ఒకరినే లోపలికి రానిచ్చే తాళం) పట్టుకుని ఉన్న క్షణంలో సిగ్నల్ వచ్చిందనుకోండి. హ్యాండ్లర్ కూడా మాలాక్‌ను పిలిస్తే అది లాక్ విడుదల కోసం కాచుకుంటుంది. లాక్‌ను విడుదల చేయవలసిన కోడ్ హ్యాండ్లర్ ముగిసేదాకా కదలదు. ఇద్దరూ అక్కడే ఉండిపోతారు. ప్రింట్‌ఎఫ్, ఫ్రీ, ఎఫ్‌క్లోజ్, ఎగ్జిట్ అన్నిటికీ ఇదే ఆటంకం. గంటకు పైగా నడిచే లెక్కల ప్రోగ్రాం ఒకదానిలో నేను హ్యాండ్లర్‌లో ప్రింట్‌ఎఫ్ ఉంచి నెలల తరబడి వాడాను, ఏమీ కాలేదు. ఒక రోజు కంట్రోల్-సి నొక్కగానే సగం వరుస అచ్చయి తెర కదలకుండా నిలిచిపోయింది. జీడీబీ అనే డీబగ్గర్‌తో దానికి తగులుకుని చూస్తే స్టాక్‌లో ప్రింట్‌ఎఫ్ రెండుసార్లు కనిపించింది, ఒకటి ప్రధాన కోడ్‌ది, దానిపైన హ్యాండ్లర్‌ది.

హ్యాండ్లర్ నుంచే ఏదైనా చూపించక తప్పదనుకుంటే రైట్ అనే సిస్టమ్ కాల్‌ను వాడవచ్చు, వెంటనే బయటపడవలసి వస్తే _ఎగ్జిట్‌ను వాడవచ్చు. ఈ రెండూ హ్యాండ్లర్‌లో పిలవడానికి సురక్షితమని, యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు ఉమ్మడిదైన పోజిక్స్ ప్రమాణం ఇచ్చిన జాబితాలో ఉన్నాయి. రైట్‌ను పిలిచే పక్షంలో ఎర్ర్‌నో (చివరి లోపం సంఖ్య ఉండే వేరియబుల్) విలువను హ్యాండ్లర్ మొదట్లో దాచి, చివర్లో తిరిగి పెట్టండి.

3. హ్యాండ్లర్‌ను సిగ్‌యాక్షన్‌తో అమర్చండి

సిగ్నల్ ఫంక్షన్ పొట్టిదే కానీ దాని ప్రవర్తన అన్నిచోట్లా ఒకటి కాదు. యూనిక్స్‌లో ఒక రకమైన పాత సిస్టమ్ ఫైవ్ పద్ధతిలో హ్యాండ్లర్ ఒకసారి నడవగానే రద్దవుతుంది. ఇంకొక రకమైన బీఎస్‌డీ పద్ధతిలో నిలిచి ఉంటుంది. లినక్స్‌లోనే కంపైల్ చేసేటప్పుడు ఇచ్చిన మ్యాక్రోలను బట్టి ఈ రెండింటిలో ఏదైనా రావచ్చు. సిగ్‌యాక్షన్‌లో మీరు అడిగినదే వస్తుంది.

స్ట్రక్ట్ సిగ్‌యాక్షన్ రకంలో ఒక వేరియబుల్ ప్రకటించి, మెమ్‌సెట్‌తో మొత్తం సున్నా చేయండి. దాని ఎస్‌ఏ_హ్యాండ్లర్‌కు మీ ఫంక్షన్ పేరు ఇవ్వండి. సిగ్‌ఎంప్టీసెట్‌ను పిలిచి ఎస్‌ఏ_మాస్క్‌ను ఖాళీ చేయండి. ఎస్‌ఏ_ఫ్లాగ్స్‌ను 0గా ఉంచండి. తరువాత సిగ్‌యాక్షన్‌ను మూడు విలువలతో పిలవండి: సిగ్‌ఇంట్, మీ వేరియబుల్ చిరునామా, నల్. తిరిగి వచ్చినది -1 అయితే పెర్రర్‌తో కారణం చూపించి ఆగండి. సున్నా చేయకపోతే ఫ్లాగ్స్‌లో స్టాక్‌లోని చెత్త విలువ ఉండిపోయి, ఒక్కొక్క యంత్రంపై ఒక్కొక్క తీరుగా నడుస్తుంది.

ఎస్‌ఏ_రీస్టార్ట్ అనే ఫ్లాగ్‌ను పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. ఈ పనికి దానిని పెట్టకండి. అది ఉంటే, కీబోర్డు నుంచి చదవడానికి ఆగి ఉన్న రీడ్ కాల్ హ్యాండ్లర్ నడిచాక తనంతట తానే మళ్లీ మొదలై మళ్లీ ఆగుతుంది; జెండా ఎత్తి ఉన్నా చూసేవారుండరు. “హ్యాండ్లర్ నడుస్తోంది కానీ ప్రోగ్రాం ఆగడం లేదు” అనే ఫిర్యాదుకు మూలం తరచుగా ఇదే, సిగ్నల్ ఫంక్షన్ బీఎస్‌డీ పద్ధతిలో ఇచ్చేదీ ఇదే.

ప్రత్యామ్నాయం: ఎస్‌ఏ_ఫ్లాగ్స్‌కు ఎస్‌ఏ_రీసెట్‌హ్యాండ్ ఇస్తే మొదటి నొక్కుకు మీ హ్యాండ్లర్ నడుస్తుంది, రెండవ నొక్కుకు ప్రోగ్రాం వెంటనే ముగుస్తుంది. మనిషి ఎదురుగా కూర్చుని నడిపే ప్రోగ్రాంలకు నేను దీనినే ఎంచుకుంటాను, ఎందుకంటే సర్దుబాటు కోడ్‌లోనే దోషం ఉండి ఆగిపోయినప్పుడు వాడేవారికి ఒక దారి మిగులుతుంది.

4. ముందే సిగ్‌ఇంట్‌ను పట్టించుకోవద్దని చెప్పి ఉంటే దానిని గౌరవించండి

షెల్ స్క్రిప్టులో చివర ఆంపర్‌సండ్ గుర్తు పెట్టి వెనుక నడిపించిన ప్రోగ్రాంకు షెల్ సిగ్‌ఇంట్‌ను ముందుగానే సిగ్_ఇగ్న్‌గా, అంటే పట్టించుకోవద్దని, అమర్చి ఇస్తుంది. ముందువరుసలోని పనిని ఆపడానికి నొక్కిన కంట్రోల్-సి వెనుక పనిని చెడగొట్టకూడదని ఆ ఏర్పాటు. కనుక మీ హ్యాండ్లర్‌ను అమర్చే ముందు, సిగ్‌యాక్షన్‌ను రెండవ విలువగా నల్ ఇచ్చి పిలిచి, పాత అమరికను తెలుసుకోండి. అది సిగ్_ఇగ్న్ అయితే అలాగే వదిలేయండి.

5. లూప్‌లో జెండాను చూడండి

వైల్ (!ఆపాలి) అనే షరతుతో ప్రధాన లూప్ రాయండి. లూప్ ఒక చుట్టు తిరగడానికి ఎంత సమయం పడుతుందో, కంట్రోల్-సికి ప్రోగ్రాం స్పందించడానికి గరిష్ఠంగా అంత సమయం పడుతుంది. ఒక చుట్టు నిమిషం పట్టేటట్టయితే లోపలి లూప్‌లో కూడా జెండాను చూడండి. ప్రతి చుట్టులోనూ చూసినా దాని ఖర్చు లెక్కలోకి రాదు.

6. ఆగి ఉండే కాల్స్ తిరిగి ఇచ్చే విలువలను పరిశీలించండి

సిగ్నల్ వచ్చినప్పుడు రీడ్, యాక్సెప్ట్, పోల్ వంటివి -1 ఇచ్చి, ఎర్ర్‌నోలో ఈఐఎన్‌టీఆర్ ఉంచుతాయి. ఇది లోపం కాదు, మధ్యలో పిలుపు వచ్చిందన్న సమాచారం మాత్రమే. -1 చూడగానే పెర్రర్ చేసి బయటపడే అలవాటు ఉంటే, “ఇంటరప్టెడ్ సిస్టమ్ కాల్” అన్న సందేశం కనబడి సర్దుబాటు జరగకుండానే ప్రోగ్రాం ముగుస్తుంది. ఈఐఎన్‌టీఆర్ అయితే జెండాను చూడండి: ఎత్తి ఉంటే లూప్ వదలండి, లేకపోతే మళ్లీ పిలవండి.

కొన్నిటి తీరు వేరు. స్లీప్ -1 ఇవ్వదు, ఇంకా మిగిలిన సెకన్లను ఇస్తుంది. రైట్ కొంత రాసిన తరువాత సిగ్నల్ వస్తే, అడిగినదానికంటే తక్కువ సంఖ్య ఇస్తుంది. మిగిలిన బైట్లను మీరే రాయాలి. ఎఫ్‌గెట్స్ నల్ ఇస్తుంది, దానిని ఫైలు అయిపోయిందని పొరపడకండి. ఎఫ్‌ఎర్రర్‌తో పరీక్షించి, కొనసాగించాలనుకుంటే ముందు క్లియర్‌ఎర్ర్ పిలవండి. క్లోజ్‌కు మాత్రం లినక్స్‌లో మళ్లీ ప్రయత్నించకూడదు: ఈఐఎన్‌టీఆర్ ఇచ్చినా తెరిచిన ఫైలును గుర్తించే సంఖ్య అప్పటికే విడుదలై ఉంటుంది, ఇంకొక థ్రెడ్ ఈలోగా అదే సంఖ్యతో వేరే ఫైలును తెరిచి ఉండవచ్చు.

సిస్టమ్ అనే ఫంక్షన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది ఇంకొక కమాండ్‌ను నడుపుతున్నంతసేపూ మీ ప్రాసెస్‌లో సిగ్‌ఇంట్‌ను పట్టించుకోదు. అప్పుడు నొక్కిన కంట్రోల్-సి ఆ కమాండ్‌ను ముగిస్తుంది, మీ జెండా మాత్రం దించే ఉంటుంది. కనుక అది తిరిగి ఇచ్చిన విలువను డబ్ల్యూఇఫ్‌సిగ్నల్డ్, డబ్ల్యూటెర్మ్‌సిగ్ మ్యాక్రోలతో పరిశీలించి, సిగ్‌ఇంట్ వల్ల ముగిసిందని తేలితే జెండాను మీరే ఎత్తండి.

7. చూడటానికీ ఆగడానికీ మధ్య ఉన్న సందును మూయండి

పై ఆరు మెట్లూ పాటించినా ఒక సందు మిగులుతుంది. జెండా దించి ఉందని లూప్ చూసింది. రీడ్‌లోకి ఇంకా అడుగు పెట్టలేదు. సరిగ్గా ఆ మధ్యలో సిగ్నల్ వచ్చింది. జెండా ఎత్తారు, కానీ రీడ్ ఆ సంగతి తెలియకుండా ఆగి కూర్చుంటుంది. మొదటి నొక్కు వృథా అయినట్టు కనిపిస్తుంది. కీబోర్డు దగ్గర మనిషి ఉంటే రెండవసారి నొక్కుతాడు, అంతటితో సరిపోతుంది. నిజం చెప్పాలంటే చిన్న ప్రోగ్రాంలకు ఈ మెట్టు అవసరం లేదు. సర్వర్ వంటివాటికి తప్పదు.

మొదటి పద్ధతి పిసెలెక్ట్, అంటే చదవడానికి ఏదైనా వచ్చేదాకా ఆగి ఉండే కాల్. సిగ్‌ప్రాక్‌మాస్క్‌తో సిగ్‌ఇంట్‌ను అడ్డగించి, పాత మాస్క్‌ను (అడ్డగించిన సిగ్నళ్ల జాబితాను) దాచుకుని, జెండాను చూసి, దించి ఉంటే పిసెలెక్ట్‌కు చివరి విలువగా ఆ పాత మాస్క్‌ను ఇవ్వండి. అడ్డు తీయడం, ఆగడం అనే రెండు పనులనూ కెర్నల్ విడదీయరాని ఒకే పనిగా చేస్తుంది కనుక సందు ఉండదు. తిరిగి రాగానే అడ్డు తీసివేయండి. అలా తీయకుండా పెద్ద లెక్కలోకి వెళితే ఆ లెక్క ముగిసేదాకా హ్యాండ్లర్ నడవదు.

రెండవది సొంత పైప్ పద్ధతి. మొదట్లోనే ఒక పైప్ తెరిచి, రెండు కొసలకూ ఓ_నాన్‌బ్లాక్ (ఆగి వేచి ఉండవద్దనే అమరిక) పెట్టి, హ్యాండ్లర్ నుంచి ఒక బైటు రాయండి. పోల్ జాబితాలో పైప్ చదివే కొసను కూడా చేర్చండి. ఓ_నాన్‌బ్లాక్ మరిస్తే, పైప్ నిండిన రోజున హ్యాండ్లరే రైట్‌లో ఇరుక్కుంటుంది. లినక్స్‌లో పైప్ మామూలు సామర్థ్యం 65,536 బైట్లు, కాబట్టి ఈ తప్పు పరీక్షలలో బయటపడదు.

8. సర్దుకోండి, ఆపైన సిగ్నల్‌తోనే ముగియండి

లూప్ బయటకు వచ్చాక తాత్కాలిక ఫైలును తొలగించండి, ఎఫ్‌ఫ్లష్ చేయండి. ఇక్కడ అందరూ రిటర్న్ 0 రాస్తారు. నేనూ చాలాకాలం అదే రాశాను. ఒకసారి ఆ ప్రోగ్రాంను స్క్రిప్టులో పెట్టి మూడు వందల ఫైళ్లపై వరుసగా నడుపుతూ ఆపాలనుకున్నాను. కంట్రోల్-సి నొక్కిన ప్రతిసారీ ఒక ఫైలు పని మర్యాదగా ఆగి, తరువాతి ఫైలు పని మొదలైంది. చివరికి విండోనే మూసేయవలసి వచ్చింది.

కారణం ఇది: నడిపిన ప్రోగ్రాం సిగ్‌ఇంట్ వల్ల ముగిసిందా, మామూలుగా ముగిసిందా అని బాష్ షెల్ గమనిస్తుంది, మామూలుగా ముగిస్తే, ఆ నొక్కును ప్రోగ్రాం తన అవసరానికి వాడుకుందని భావించి స్క్రిప్టును కొనసాగిస్తుంది. కనుక సర్దుకున్న తరువాత సిగ్‌ఇంట్‌కు సిగ్_డిఎఫ్ఎల్ (మామూలు ప్రవర్తన) అమర్చి, తనకు తానే సిగ్నల్ పంపుకునే రైజ్‌ను సిగ్‌ఇంట్‌తో పిలవండి. అడ్డగింపు ఇంకా ఉంటే ముందు తీసేయండి, లేకపోతే రైజ్ చేసిన సిగ్నల్ వేచి ఉండిపోతుంది. ఎగ్జిట్‌కు 130 ఇవ్వడం దీనికి సాటి కాదు. షెల్‌లో చూసే సంఖ్య ఒకటే అయినా, ముగిసిన తీరు వేరని షెల్‌కు తెలుస్తుంది.

హెచ్చరిక: ఫైలు చెడకుండా ఉండటానికి హ్యాండ్లర్‌ను ఒక్కదానినే నమ్ముకోకండి. 9వ సంఖ్య గల సిగ్‌కిల్‌ను ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు, కరెంటు పోవడాన్ని అసలే పట్టుకోలేదు. తాత్కాలిక ఫైలులో రాసి చివర్లో పేరు మార్చే పద్ధతి ఉంటే, సర్దుబాటు జరగకపోయినా పాత ఫలితం చెడదు. కిల్ కమాండ్ ఏ సంఖ్యా ఇవ్వకపోతే పంపే సిగ్‌టెర్మ్‌కు, అంటే 15కు, ఇదే హ్యాండ్లర్‌ను అమర్చవచ్చు. అప్పుడు ఏ సిగ్నల్ వచ్చిందో జెండాలో దాచి, రైజ్‌కు దానినే ఇవ్వండి.

సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడం

ఓ2 స్థాయిలో కంపైల్ చేసి నడపండి. ఆప్టిమైజేషన్ లేని పరీక్ష లెక్కలోకి రాదు. కంట్రోల్-సి నొక్కిన వెంటనే ఎకో కమాండ్‌కు డాలర్, ప్రశ్నార్థకం గుర్తులను కలిపి ఇవ్వండి. 130 రావాలి, అది 128కి సిగ్‌ఇంట్ సంఖ్య కలిపినది. తాత్కాలిక ఫైలు మిగిలిందేమో చూడండి.

మళ్లీ నడిపి, రెండవ విండో నుంచి కిల్ కమాండ్‌తో ఆ ప్రాసెస్ సంఖ్యకు ఇంట్ సిగ్నల్ పంపండి. కీబోర్డు నొక్కు గుంపు మొత్తానికి వెళుతుంది, ఇది ఒక్క ప్రాసెస్‌కే వెళుతుంది. మీ ప్రోగ్రాం పిల్ల ప్రాసెస్‌లను పుట్టిస్తే ఈ రెండు పరీక్షల ఫలితాలు వేరుగా ఉండవచ్చు.

హ్యాండ్లర్ అసలు అమరిందా అన్న అనుమానం ఉంటే, లినక్స్‌లో ప్రాక్ డైరెక్టరీ కింద ఆ ప్రాసెస్ సంఖ్య గల డైరెక్టరీలోని స్టేటస్ ఫైలు తెరవండి. సిగ్‌సీజీటీ అనే వరుస చివర 2 ఉంటే సిగ్‌ఇంట్‌కు హ్యాండ్లర్ ఉంది. సిగ్‌టెర్మ్‌కు కూడా ఉంటే 4002 కనిపిస్తుంది. అదే 2 సిగ్‌ఐజీఎన్ వరుసలో ఉంటే నాలుగవ మెట్టులో చెప్పిన స్థితి అది.

ఆ స్థితి పరీక్షలనే తప్పుదారి పట్టిస్తుంది. వందల సార్లు నడిపి చూడాలని స్క్రిప్టు రాసి, అందులో ప్రోగ్రాంను ఆంపర్‌సండ్‌తో వెనుక నడిపించి కిల్ చేస్తే అది ఆగదు, ఆగకపోవడమే సరైనది. దానికి బదులు టైమౌట్ కమాండ్‌కు ఇంట్ సిగ్నల్ పేరు, వేచి ఉండవలసిన సమయం ఇచ్చి ముందువరుసలో నడపండి. టైమౌట్ తాను 124 తిరిగి ఇస్తుంది కనుక ఇక్కడ 130 కోసం వెతకకండి. తాత్కాలిక ఫైళ్లు మిగిలాయా, ఏదైనా నడక బిగుసుకుందా అన్నదే చూడండి. సమయాన్ని ప్రతిసారీ కొద్దిగా మారుస్తూ పోతే ఏడవ మెట్టులోని సందు కూడా ఒక్కోసారి పట్టుబడుతుంది.

థ్రెడ్‌లు, విండోస్, జీడీబీ

ప్రోగ్రాంలో అనేక థ్రెడ్‌లు ఉంటే, అడ్డగించని ఏ థ్రెడ్‌లోనైనా హ్యాండ్లర్ నడవవచ్చు. రీడ్‌లో ఆగి ఉన్న థ్రెడ్‌కే ఈఐఎన్‌టీఆర్ వస్తుందన్న హామీ లేదు. థ్రెడ్‌లను పుట్టించే ముందే పీథ్రెడ్_సిగ్‌మాస్క్‌తో సిగ్‌ఇంట్‌ను అడ్డగించి, ఒక్క థ్రెడ్‌ను సిగ్‌వెయిట్‌లో కూర్చోబెట్టండి. అది మామూలు కోడ్ కనుక అక్కడ ప్రింట్‌ఎఫ్ కూడా వాడుకోవచ్చు.

విండోస్‌లో సిగ్‌యాక్షన్ లేదు. సిగ్నల్ ఫంక్షన్ ఉన్నా, కంట్రోల్-సి నొక్కినప్పుడు హ్యాండ్లర్ కొత్త థ్రెడ్‌లో నడుస్తుంది. కన్సోల్ ప్రోగ్రాంకు సెట్‌కన్సోల్‌కంట్రోల్‌హ్యాండ్లర్ నేరైన మార్గం.

జీడీబీ లోపల నడుపుతూ కంట్రోల్-సి నొక్కితే దానిని జీడీబీయే పట్టుకుని ప్రోగ్రాంను నిలుపుతుంది, మీ హ్యాండ్లర్‌కు చేరదు. హ్యాండ్లర్ పనిచేయడం లేదని అక్కడే నిర్ణయించుకోకండి. అలా నిలిచినప్పుడు జీడీబీలో సిగ్నల్ అనే కమాండ్‌కు సిగ్‌ఇంట్ ఇస్తే, ప్రోగ్రాం ఆ సిగ్నల్ అందుకుంటూ మళ్లీ కదులుతుంది. హ్యాండ్లర్ మొదటి వరుసలో ముందే బ్రేక్‌పాయింట్ పెట్టి ఉంటే అక్కడ నిలుస్తుంది.